అజ్మీర్‌కు నడిచి వెళ్లిన వాళ్లు

రజబ్ ఆరో తారీఖున మా ఇంట్లో జర్దా వండుతారు. ఖాజా గరీబ్ నవాజ్ (రహమతుల్లా అలైహ్) పేరు మీద ఫాతెహా ఇచ్చి, చుట్టుపక్కల ఇళ్లకు గిన్నెలు పంపుతారు. మొన్నటి ఛట్టీ రోజు గిన్నెలు పంచి వచ్చిన మా అమ్మాయి అడిగింది: "అబ్బా, అక్బర్ బాద్‌షా ఆగ్రా నుంచి అజ్మీర్‌కు నడిచి వెళ్లాడని మా హిస్టరీ బుక్‌లో ఉంది. ఆయనకు గుర్రాలు లేవా?"

అమ్మీ పకపకా నవ్వింది. నేను చెప్పాను: "ఉన్నాయి బేటా. ఏనుగులు కూడా ఉన్నాయి. అందుకే ఆయన నడిస్తే అది తారీఖ్‌లోకి ఎక్కింది. గుర్రం లేనోళ్లు నడిస్తే ఎవరు రాస్తారు?"

జవాబు అప్పటికి సరిపోయింది కానీ నా మనసులో మాత్రం అది మెదులుతూనే ఉంది. మా నానీ ఒక మన్నత్ మొక్కుకుంది. మా పెద్ద మామూ పసివాడిగా ఉన్నప్పుడు జ్వరంతో చేతులోంచి జారిపోతుంటే, "బిడ్డ బతికితే అజ్మీర్‌కు పైదల్ వస్తా" అనేసిందట. మామూ బతికాడు. నలుగురు బిడ్డల తండ్రయ్యాడు. నానీ మాత్రం రైల్లో కూడా అజ్మీర్ చూడలేదు. బీడీలు చుట్టి సంసారం ఈదిన మనిషికి అంత దూరం పోవడానికి ఖర్చులెక్కడివి? చివరి రోజుల్లో ఒకటే మాట అనేది: "నా బాకీ ఉండిపోయింది."

ఆ బాకీ మోసుకునే కొన్నేళ్ల కింద, ఉర్స్ చలికాలంలో పడినప్పుడు, నేను కిషన్‌గఢ్‌లో బస్సు దిగి అజ్మీర్ దాకా నడిచాను. సుమారు ముప్పై కిలోమీటర్లు. ఢిల్లీ మెహ్రౌలీ నుంచి నడిచి వచ్చేవాళ్ల ముందు అది నడకే కాదు. అయినా ఆ బాట నాకు చాలా చెప్పింది. ఆ బాట కథ మొదటి నుంచి చెబుతాను.

* * *

ఖాజా మొయినుద్దీన్ చిష్తీ పుట్టింది సీస్తాన్ వైపు. అక్కడి నుంచి ఎన్నో షహర్లు దాటి, లాహోర్, ఢిల్లీ మీదుగా అజ్మీర్ చేరారు. అంటే ఈ కథలో మొదటి ముసాఫిర్ ఆయనే. హిజ్రీ 633లో, అంటే 1236లో, రజబ్ నెలలో వఫాత్ అయ్యారు. ఆ రోజే మనకు ఉర్స్.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈరోజు మనం చూసే తెల్లటి గుంబద్, సంగ్‌మర్మర్ మస్జిద్‌లు, పెద్ద పెద్ద దర్వాజాలు ఇవేవీ ఆయన పోయిన వెంటనే కట్టినవి కావు. రెండు వందల ఏళ్ల పైచిలుకు అక్కడ పెద్ద ఇమారత్ లేదు. 1332లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ జియారత్‌కు వచ్చినప్పుడు కూడా ఇంత హంగు లేదు. పక్కా కట్టడాలు మొదలైంది పదిహేనో శతాబ్దంలో, మాళ్వా సుల్తాన్ల చేతుల మీద. మరి ఆ రెండు వందల ఏళ్లు ఆ మజార్ మీద చిరాగ్ ఆరకుండా చూసింది ఎవరు? నడిచి వచ్చి ఓ దువా చేసుకుని, వచ్చిన దారినే పోయిన మామూలు మనుషులే. వాళ్ల పేర్లు ఏ కితాబ్‌లోనూ లేవు. ఆ బాటను వేసింది మాత్రం వాళ్ల కాళ్లే.

అక్బర్‌కు ఆ బాట చూపించింది కూడా అలాంటి వాళ్లే. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఆయన సొంత దర్బారీ అబుల్ ఫజల్ అక్బర్‌నామాలో రాసిన మాట. 1562 జనవరి. బాద్‌షాకు అప్పటికి 19 ఏళ్లు. ఆగ్రా నుంచి ఫతేపూర్ వైపు షికార్‌కు బయలుదేరాడు. దారిలో మంధాకర్ అనే ఊరి దగ్గర కొందరు గాయకులు హిందీ జబాన్‌లో ఖాజా గొప్పతనం గురించి పాడుతుంటే చెవిన పడింది. మనసు అటు లాగింది. షికార్ వదిలేసి కొద్దిమంది మనుషులతో అజ్మీర్ దారి పట్టాడు. ఆ ప్రయాణం నుంచి తిరిగొస్తూనే సాంభర్ దగ్గర ఆమేర్ రాజా భార్మల్ కూతురితో నికా జరిగింది. మొఘల్ సల్తనత్‌కూ రాజ్‌పుత్ ఇళ్లకూ మధ్య బంధుత్వాలకు దారి తీసిన ప్రయాణం అది. దాని మొదట్లో ఉన్నది ఓ ఊరి పక్క పాట. పాడినవాళ్ల పేర్లు అబుల్ ఫజల్ రాయలేదు.

* * *

ఇక్కడ ఒక చేదు విషయం చెప్పకుండా దాటేస్తే అది తారీఖ్ కాదు, ఖుషామత్ అవుతుంది.

అక్బర్ అజ్మీర్‌కు నడవడం మొదలుపెట్టింది 1570లో కాదు, 1568లో. అప్పటికి చిత్తోడ్ కిలా ముట్టడి నడుస్తోంది. కిలా చేతికి వస్తే అజ్మీర్‌కు కాలినడకన వస్తానని మొక్కుకున్నాడు. 1568 ఫిబ్రవరిలో కిలా పడింది. ఆ తర్వాత జరిగింది ఖత్లే ఆమ్. సిపాయిలే కాదు, కిలాలో తలదాచుకున్న రైతులు కూడా పోయారు. దాదాపు 30,000 మంది చనిపోయారని అబుల్ ఫజలే రాశాడు. ఆ నెత్తురు ఆరకముందే బాద్‌షా మన్నత్ తీర్చుకోవడానికి నడక మొదలుపెట్టాడు. మార్చిలో, రంజాన్ నెలలో, అజ్మీర్ నుంచే చిత్తోడ్ ఫత్‌నామా పంపించాడు. ఆ కాగితం నిండా జీత్ గర్వమే ఉంటుంది.

ఆ నడకలో ఇంకో ఖిస్సా ఉంది. మధ్యదారిలో ఉండగా దర్గా వాళ్ల దగ్గర నుంచి కబురొచ్చిందట. ఖాజా కలలో కనబడి, బాద్‌షాను నడవనియ్యొద్దన్నారని. అక్బర్ గుర్రం ఎక్కి, ఆఖరి మంజిల్ మాత్రం కాలినడకన పూర్తి చేశాడు. ఆ కల సంగతి అల్లాకు తెలుసు. మా నానీ లాంటి వాళ్ల కోసం ఎవరికీ అలాంటి కల రాలేదని మాత్రం నాకు తెలుసు.

దర్గా సహన్‌లో ఉన్న బడీ దేగ్ అక్బర్ ఇచ్చిందే. చిత్తోడ్ జీత్ తర్వాత ఇచ్చాడని చెబుతారు. ఈరోజు ఆ దేగ్‌లో వండేది బియ్యం, నెయ్యి, చక్కెర, మేవాలతో చేసే తీపి అన్నం. మాంసం పడదు, ఉల్లి కూడా పడదు. హిందువులు, ముసల్మాన్లు పక్కపక్కన నిలబడి ఆ తబర్రుక్ తీసుకుంటారు. జుల్మ్ చేసిన చెయ్యి ఇచ్చిన దేగ్‌ను గరీబుల కడుపు నింపే దేగ్‌గా మార్చింది బాద్‌షా కాదు. నాలుగు వందల యాభై ఏళ్లుగా అందులో గుప్పెడు బియ్యం, రూపాయి బిళ్ల వేస్తూ వచ్చిన జాయిరీన్.

* * *

స్కూల్ పుస్తకంలో ఉన్న నడక 1570 నాటిది. దాని వెనక ఒక తండ్రి బాధ ఉంది. అక్బర్‌కు పిల్లలు పుట్టి పుట్టి పోయారు. 1564లో కవల మగపిల్లలు పుట్టారు, హసన్, హుసేన్ అని పేర్లు పెట్టారు. నెల తిరక్కుండానే ఇద్దరూ పోయారు. చిష్తీ సిల్సిలాకే చెందిన సలీం చిష్తీ అనే బుజుర్గ్ సీక్రీలో ఉండేవారు. ఆయన దువా కోసం బాద్‌షా తిరిగాడు. కొడుకు పుట్టి నిలిస్తే ఆగ్రా నుంచి అజ్మీర్‌కు పైదల్ వెళ్తానని మొక్కాడు. 1569 ఆగస్టు 30న సీక్రీలో షహజాదా సలీం పుట్టాడు. తర్వాత జహంగీర్ అయింది ఈయనే.

1570 జనవరి 20, జుమ్మా రోజు. షాబాన్ నెల. అక్బర్ ఆగ్రా నుంచి కాలినడకన బయలుదేరాడు. ఫతేపూర్, ఖాన్వా, దౌసా, సాంగానేర్, మోజామాబాద్ మీదుగా అజ్మీర్. ఖాన్వా అంటే తాత బాబర్ రాణా సాంగాతో జంగ్ చేసిన మైదాన్. ఆ మైదాన్ పక్క నుంచే మనవడు నడుచుకుంటూ పోయాడు. రోజుకు ఆరేడు కోసులు నడిచాడని ఆనాటి తవారీఖ్ రాసినవాళ్లు చెప్పారు. మన తెలుగులో పెద్దవాళ్లు 'కోసు దూరం' అంటారే, ఆ కోసే ఇది. మొఘల్ కోసు మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది. అంటే రోజుకు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. మొత్తం సుమారు 365 కిలోమీటర్ల దారి పదహారు రోజుల్లో ముగిసింది.

నేను కిషన్‌గఢ్ నుంచి నడిచిన రోజు మధ్యాహ్నానికే మడమలు బొబ్బలెక్కాయి. అప్పుడు అక్బర్ మీద కొంత గౌరవం పెరిగింది. తర్వాత ఇంకో సంగతి తోచింది. ఆయన ఆగిన చోటల్లా ఖేమాలు, వేడినీళ్లు, వంటవాళ్లు ఉండి ఉంటారు. అదే దారిలో వందల ఏళ్లుగా నడిచిన ఫకీర్‌కు చెట్టు నీడే ఖేమా, ఊరి బావే హమామ్.

అక్బర్‌కు ఈ తేడా తెలుసనిపిస్తుంది. ఎందుకంటే ఆయన ఆ బాట మీద ఏదో చేశాడు. ఆగ్రా నుంచి అజ్మీర్ దాకా కోసుకు ఒక మినార్, ఒక బావి, మంజిల్‌కు ఒక మహల్ కట్టించాడు. ఈ మాట రాసింది అబ్దుల్ ఖాదిర్ బదాయూనీ. అక్బర్ అంటే కిట్టని మనిషి. బాద్‌షాకు తెలియకుండా దాచి రాసిన కితాబ్ ఆయనది. అలాంటి మనిషి కూడా ఈ మినార్ల సంగతి ఒప్పుకున్నాడు. కాకపోతే ఓ చురక వేశాడు. బాద్‌షా షికార్‌లో కొట్టిన జింకల కొమ్ములను ఆ మినార్లకు బిగించారట. దాని బదులు తోటలో, సరాయో కట్టించి ఉంటే బాగుండేదని ఆయన రాసుకున్నాడు. బదాయూనీ మాటలో ఇన్సాఫ్ ఉంది. బావి ముసాఫిర్‌కు పనికొస్తుంది. జింక కొమ్ము ఎవరికి పనికొస్తుంది?

నలభై ఏళ్ల తర్వాత, 1610 ప్రాంతంలో, విలియం ఫించ్ అనే ఇంగ్లిష్ వ్యాపారి కూడా ఈ బాట గురించి రాశాడు. పిల్లల కోసం అక్బర్ అజ్మీర్‌కు నడిచాడని, కోసుకో స్తంభం ఉందని, ఎనిమిది కోసులకో జనానా మహల్ ఉందని. అంటే అప్పటికే ఆ నడక జనం నోళ్లలో పడి, పరదేశీ చెవి దాకా వెళ్లిందన్నమాట.

ఇటుకలు, సున్నంతో కట్టిన ఈ కోస్ మినార్లు ముప్పై అడుగుల దాకా ఉంటాయి. పంట చేలల్లో నిలబడ్డా దూరం నుంచి కనబడాలని ఆ ఎత్తు. ఫతేపూర్ సీక్రీ దగ్గర ఇప్పటికీ కొన్ని నిలిచి ఉన్నాయి. ఒకసారి ఓ మినార్ కింద నిలబడి చూశాను. పక్కన ఆవాల చేను, మినార్ నీడలో ఓ మేక. ఎవరికైనా అది ఓ పాత ఇటుకల దిమ్మె. దారి తప్పిన ముసాఫిర్‌కు మాత్రం ఒకప్పుడు 'ఇంకో కోసు దాటావు, సబర్ చెయ్' అని చెప్పే నేస్తం.

* * *

1562 నుంచి 1579 దాకా అక్బర్ పద్నాలుగు సార్లు అజ్మీర్ వచ్చాడు. ఇదంతా ఉత్త అఖీదత్ అనుకుంటే అమాయకత్వం. అజ్మీర్ రాజ్‌పుతానాకు నడిబొడ్డు, గుజరాత్ వెళ్లే దారికి తాళంచెవి. జియారత్ పేరుతో బాద్‌షా లష్కర్‌తో వచ్చి పోతుంటే చుట్టుపక్కల రాజాలకు ఓ సంకేతం అందేది. దువా, సియాసత్ రెండూ ఒకే బాట మీద నడిచాయి. ఇందులో ఏదో ఒకటే నిజమని తేల్చాల్సిన పని లేదు. కవలల్ని మట్టిలో పెట్టిన తండ్రీ, చిత్తోడ్‌ను నేలమట్టం చేసిన సుల్తానూ ఒక్కడే.

1579 తర్వాత ఆయన రావడం మానేశాడు. గుజరాత్ చేతికొచ్చేసింది. దర్బార్‌లో మజహబ్ గురించి కొత్త బహస్‌లు మొదలయ్యాయి. ఆయన మనసు వేరే వైపు తిరిగింది. బాద్‌షా ఆగిపోతే మినార్లూ మహళ్లూ ఉన్నా లేనట్టే కావాలి కదా? కాలేదు. ఆ బాట ఆయనది కాదు కాబట్టి. ఆయనకన్నా ముందు నుంచే నడుస్తున్నవాళ్లు ఆయన తర్వాతా నడుస్తూనే ఉన్నారు.

జహంగీర్ 1613లో అజ్మీర్ వచ్చి దాదాపు మూడేళ్లు ఉన్నాడు. దర్గా కనబడగానే గుర్రం దిగి, మిగిలిన కోసు దూరం నడిచానని తన డైరీలో రాసుకున్నాడు. ఛోటీ దేగ్ ఆయనిచ్చిందే. ఆగ్రాలో తయారు చేయించి తెచ్చి, మొదటి రోజే 5,000 మంది గరీబులకు అన్నం పెట్టించాడు.

మన ఆడపిల్లలు తెలుసుకోవాల్సింది ఆయన మనవరాలు జహానారా బేగం గురించి. షాజహాన్ కూతురు. ఖాజా మీద, చిష్తీ బుజుర్గుల మీద ఫార్సీలో మూనిసుల్ అర్వాహ్ అనే కితాబ్ రాసింది. 1643లో తండ్రితో ఆగ్రా నుంచి అజ్మీర్ వచ్చిన సఫర్ గురించి ఆమే స్వయంగా రాసుకుంది. ప్రతి మంజిల్‌లో రెండు రకాత్‌లు నఫిల్ చదివిందట. అజ్మీర్‌లో ఉన్నన్ని రోజులూ దర్గా ఉన్న దిక్కుకు కాళ్లు చాపలేదట. నాలుగు వందల ఏళ్ల కింద ఒక ముసల్మాన్ స్త్రీ తన ప్రయాణాన్ని తన ఖలంతో రాసిపెట్టింది. అందుకే అది మనకు దక్కింది. మా నానీకి ఆ అక్షరాలూ దక్కలేదు, ఆ సఫరూ దక్కలేదు.

* * *

మన దక్కన్ కూడా ఈ బాటకు దూరం కాదు. అజ్మీర్ బజార్ నుంచి దర్గాలోకి పోతుంటే మొదట ఎదురయ్యే పెద్ద దర్వాజా మన హైదరాబాద్‌దే. నిజాం గేట్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించాడు. లోపల ఖవ్వాలీలు జరిగే మహ్‌ఫిల్ ఖానా కట్టించింది హైదరాబాద్ దివాన్, పైగా అమీర్ సర్ ఆస్మాన్ జా బషీరుద్దౌలా. కొడుకు పుట్టిన సంతోషంలో కట్టించాడు. ఆ కొడుకు పేరు మొయినుద్దౌలా. క్రికెట్ తెలిసిన హైదరాబాదీలకు ఈ పేరు కొత్త కాదు. మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఆయన పేరు మీద ఉన్నదే. ఆగ్రా బాద్‌షా, హైదరాబాద్ నవాబ్, బీడీలు చుట్టే మా నానీ ముగ్గురూ బిడ్డ కోసమే ఒకే గడప వైపు చూశారు. ఇద్దరి మన్నత్‌లకు రాళ్లు సాక్ష్యం. మూడోదానికి మా అమ్మీ జ్ఞాపకం ఒక్కటే.

కిషన్‌గఢ్ బాట మీద నాకు దొరికింది ఆ మూడో రకం వాళ్లే. ప్రతి ఉర్స్‌కు మెహ్రౌలీలో ఖాజా ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా నుంచి ఖలందర్లు, మలంగులు ఛడీలు పట్టుకుని బయలుదేరతారు. నాలుగు వందల కిలోమీటర్లు. ఖుత్బ్ సాహెబ్ ఖాజాకు మురీద్. మురీద్ గడప నుంచి పీర్ గడపకు నడక అన్నమాట. వాళ్లతోపాటు మామూలు జనం, కూలీలు, రిక్షావాళ్లు, రంగులేసేవాళ్లు కూడా కలుస్తారు. రోడ్డుకిరువైపులా పాలరాతి దిమ్మెలు, తెల్లటి దుమ్ము, పక్క నుంచి దూసుకుపోయే లారీలు. ఓ దాబా ముందు తలపాగా కట్టుకున్న రాజస్థానీ పెద్దాయన పెద్ద కెటిల్‌తో చాయ్ పోస్తున్నాడు. పైసలివ్వబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. "మా నాయన కూడా పోసేవాడు" అన్నాడు, అంతే.

నా పక్కన నడుస్తున్న ఓ ముసలాయన పేరడిగితే "ముసాఫిర్" అన్నాడు. ఊరు ఉత్తరప్రదేశ్‌లో ఎక్కడో. నేను చదువుకున్నోణ్నని చూపించుకోవడానికి అక్బర్ నడక గురించి చెప్పాను. ఆసక్తిగా విన్నాడు.

"ఎన్నిసార్లు వచ్చారు ఆయన?"

"పద్నాలుగు సార్లు చాచా. అందులో నడిచింది కొన్నిసార్లే."

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. "నాకిది పంతొమ్మిదోసారి," అన్నాడు మెల్లగా. గొప్పగా చెప్పలేదు. లెక్క సరిగ్గా ఉండాలన్నట్టు చెప్పాడు.

* * *

దర్గాలకు ఇలా ప్రయాణం చేయడం జాయెజా కాదా అన్న బహస్ మా ఇంట్లోనూ ఉంది. మా మామూ కొడుకే, ఏ బిడ్డ కోసం ఆ మన్నత్ మొక్కారో ఆ బిడ్డ కొడుకే, ఒప్పుకోడు. "అడగాల్సింది అల్లానే కదా భాయ్" అంటాడు. ఆ మాటలో తప్పేముంది? అడిగేది అల్లానే. నేను మసలా చెప్పేవాణ్ని కాదు, అది ఆలిముల పని. నానీ మన్నత్ నా ముప్పై కిలోమీటర్లతో తీరిందో లేదో కూడా నేను చెప్పలేను. అయితే ఒక్కటి వాడితో కూడా అన్నాను: జియారత్ చేయకపోయినా ఫర్వాలేదు, మన వాళ్ల తారీఖ్ మాత్రం వదులుకోవద్దు. ఈ రోజుల్లో మన పేరు ఎత్తితే తీసేది బాద్‌షాల పేర్లే. పొగడాలన్నా వాళ్లే, తిట్టాలన్నా వాళ్లే. చిత్తోడ్ లెక్క మన నెత్తిన వేస్తారు. మనం కూడా తాజ్‌మహల్ మాదేనని ఎగురుతాం. మనలో చాలామంది ఇళ్లలో బాద్‌షాలు లేరు. దూదేకులవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, బండ్లకు పట్టీలు వేసినవాళ్లు, కాలినడకన పోయినవాళ్లు ఉన్నారు. మన తారీఖ్ వాళ్లది.

ఆ రాత్రి నిజాం గేట్ ముందు జనంలో ఇరుక్కుని అమ్మీకి ఫోన్ చేశాను. ఉర్స్ హోరులో ఏమీ వినబడలేదు. "చేరాను అమ్మీ" అని అరిచాను. ఆమె ఏదో అంది. తర్వాత ఇంటికొచ్చాక అడిగితే చెప్పింది: "నీ కాళ్లకు ఏమైనా రాసుకున్నావా అని అడిగాను, అంతే."

మా అమ్మాయికి ఇప్పుడు ఇదంతా చెప్పాను. అక్బర్ నడిచింది పదహారు రోజులని, అంతకుముందే ఎవరో పాడుతూ నడిచారని, నానీ నడవలేకపోయిందని. తను నానీ పేరు, మామూ జ్వరం, ఛట్టీ జర్దా అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దవాళ్లు ఉండే ఉంటారు. అజ్మీర్‌కో, గుల్బర్గాకో, ఊరి పక్క దర్గాకో, ఓడెక్కి హజ్‌కో పోయినవాళ్లు, పోవాలనుకుని పోలేనివాళ్లు. వాళ్లు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ఏ ఊర్లో ఆగారో, ఎవరు నీళ్లిచ్చారో, ఏం మొక్కుకున్నారో రాసి పెట్టుకోండి.